సొట్ట ఉన్న గిన్నె, నూట ఇరవై ఎనిమిదో నంబరు

"నూట ఇరవై ఏడు వరకూ బుద్ధిగానే ఉన్నాదిరా. ఒకటి కొడితే ఉన్నాడంటాది, యాభై కొడితే ఉన్నాడంటాది, నూట ఇరవై ఏడు కొట్టినా ఉన్నాడనే అన్నాది. నూట ఇరవై ఎనిమిది కొట్టీసరికి అలాటి మనిషే లేడన్నాది. ఇదిగో, ఈ బేసిను అందుకో."

ఈశ్వరి స్టూలు మీద నిలబడి, తలా భుజాలూ అటకలోకి దూర్చి మాట్లాడుతోంది. అటకలోంచి వచ్చే మాట సగం ఆమె గొంతులా, సగం ఇత్తడి బిందె గొంతులా వినిపిస్తోంది. కింద మురళీమోహన్ ఒక చేత్తో స్టూలు పట్టుకుని, రెండో చేత్తో గిన్నెలు అందుకుంటున్నాడు. ఒకటి కిందపెట్టే లోపలే ఇంకొకటి వచ్చేస్తోంది. బేసినులో తపేలా, తపేలాలో చెంబు, చెంబులో గ్లాసు పెట్టి గోడవార గోపురంలా పేరుస్తున్నాడు. పైగా ప్రతి గిన్నెనీ తిరగేసి దానిమీద చెక్కిన పేరు పైకి చదవాలట. ఎందుకో చెప్పలేదు. చదువుతున్నాడు.

రాజాం బస్టాండుకి ఎదురు సందులో మురళికి జిరాక్సు కొట్టు ఉంది. ఆ మిషన్లు విప్పడం, బిగించడం, అవి అలిగితే బతిమాలడం, అన్నీ ఎవరూ నేర్పకుండా తనంతట తాను నేర్చుకున్నవే. తెలియనిది ఏదైనా కనబడితే అతనికి అన్నం సయించదు. వారం రోజులుగా అలా సయించకుండా చేస్తున్న సంగతి ఈశ్వరి పరుగుపందెం. ఆమె అతని పెదనాన్న కూతురు, అతనికి అప్ప. రికార్డు పుస్తకాలు కాపీ తీయించుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు తలా ఒక ముక్క చెప్పారు. పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు బల్ల దగ్గర నుంచి కదలనన్నాడని ఒకరు, డిపార్టుమెంటు పెద్ద హెచ్చోడీ గారు మూడు కీబోర్డులు మార్చారని ఒకరు, ఈశ్వరి ఆంటీ ఉన్నట్టుండి ఒక్కర్తే పగలబడి నవ్విందని ఇంకొకరు. అసలు సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. ఆఖరికి ఆమె చెప్పాలని ఆశపడుతున్న తరగతి మాట ఏమైందో అంతకన్నా తెలీదు. అందుకే ఆదివారం కొట్టు కట్టేసి వచ్చాడు. వచ్చినవాణ్ణి ఆమె, కూకోమనకుండా, స్టూలు మోయించింది.

"అయితే అప్పా, దానికి నూట ఇరవై ఏడు దాకానే లెక్క వచ్చేటి?"

"లెక్కెందుకు రాదురా, కోట్లదాకా వచ్చు. నాను అడిగిన తీరే తప్పు. పేరు సదువు ముందు."

ఆ బేసిను మీద 'తాతమ్మ' అని ఉంది. వాళ్ళిద్దరి నాయనమ్మ పేరు అది. ఆవిడ గుర్తుగా వచ్చిన సామాను.

ఈశ్వరి సంగతి తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. రాజాం చుట్టుపక్కల పల్లెలో వరీ గోగూ పండించే ఇల్లు వాళ్ళది. ఊరిచెరువులో నానిన గోగుకట్టల వాసన మధ్యన ఇంటర్ చదివింది. పెళ్ళయ్యాక, భర్త ధర్మేంద్ర ఇళ్ళకి వైరింగు పనులకు తిరుగుతుంటే, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. పదకొండేళ్ళ క్రితం ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు అసిస్టెంటుగా చేరింది. ఆ ఉద్యోగమంటే పొద్దున్నే తాళాలు తియ్యడం, అరవై సిస్టాలూ ఆన్ చెయ్యడం, ఏ పిల్లాడు ఏ సిస్టం దగ్గర ఎన్ని గంటలకు కూర్చున్నాడో, ఎన్నింటికి లేచాడో రిజిస్టరులో పెన్సిలుతో రాయడం. సాయంత్రం కీబోర్డులు బోర్లించి అందులోంచి బిస్కెట్టు పొడి దులపడం.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసే జావా భాష ఆమెకి ఎవరూ పాఠంగా చెప్పలేదు. పిల్లల వెనకాల నిలబడి నేర్చుకుంది. తెర మీద ఎర్రగీత పడినప్పుడల్లా పిల్లలు ఆంటీ అని పిలిచేవారు, కరెంటు తేడా అనుకుని. ఆమె వచ్చి చూసేది. మొదటి ఏడాది ఏమీ అర్థం కాలేదు. రెండో ఏడాదికి ఏ ఎర్రగీత ఎందుకు పడుతుందో తెలిసింది. మూడో ఏడాదికి గీత పడకముందే, ఇదిగో ఇప్పుడు పడుతుంది చూడు అనేది. ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు ముప్ఫై ఒకటో సిస్టం దగ్గర కూర్చునేది. దాని స్పేసుబారు నొక్కితే లేవదు. అందుకని పిల్లలెవరూ దాని జోలికి పోరు. అక్కడే, బారుని గోటితో పైకి లేపుకుంటూ, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంది.

ఆమెకి ఒకటే కోరిక. మొదటి ఏడాది పిల్లలకి జావా ల్యాబు తరగతి ఒక్కటి, మొదట్నుంచి చివరిదాకా, తను చెప్పాలి. తాళాలావిడగా వెనకాల కాదు, బోర్డు దగ్గర నిలబడి. ఈ మాట రెండేళ్ళ క్రితం హెచ్చోడీ మోహనకృష్ణ గారితో అంటే ఆయన నవ్వలేదు, కాదనలేదు, చూద్దాం అన్నారు. ఈ ఏడాది కాలేజీవాళ్ళు ఊరందరికీ ఐదు కిలోమీటర్ల పరుగుపందెం పెట్టినప్పుడు మాత్రం ఆయనే పిలిచి చెప్పారు. పందెం ముగిసే గీత దాటినవాళ్ళ నంబరు కొడితే పేరూ, ఊరూ, పట్టిన టైమూ వచ్చేలా ప్రోగ్రాము కావాలి. అది తిన్నగా నడిస్తే తరగతి ఆమెది. నడవకపోతే తాళాలు ఎలాగూ ఆమెవే.

"నడిసిందా మరి?" అన్నాడు మురళి.

"పరుగుపందెంరా అది. నడవడమేటి." ఆమె అటకలోనే నవ్వింది. గిన్నెలు కూడా కొంచెం నవ్వాయి.

ప్రోగ్రాముని పరీక్ష చేయకుండా ఏమీ వదల్లేదు. పందేనికి ముందు శుక్రవారం ముప్ఫై మంది పిల్లల్ని ల్యాబు వరండాలో పరిగెత్తించింది. ఒకటి నుంచి ముప్ఫై దాకా నంబర్లు. ముప్ఫై పేర్లూ టక టకా వచ్చాయి. తన తప్పు అక్కడే ఉందని ఇప్పుడు ఆమే చెబుతోంది: పందేనికి పేర్లిచ్చింది నూట అరవై నాలుగు మంది, తను చూసింది ముప్ఫై.

పోయిన ఆదివారం పొద్దున్న ఆరింటికి పాలకొండ రోడ్డు మీదకి జనాన్ని వదిలారు. గీత దగ్గర షామియానా, బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఈశ్వరి. మొదట వచ్చినవాడు పదిహేడు. కొట్టింది, పేరొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. తొంభై నాలుగు, నలభై, నూట పదకొండు, అన్నీ వచ్చాయి. మోహనకృష్ణ గారు పక్కన నిలబడి, ఇది మా డిపార్టుమెంటువాళ్ళే రాశారని ముఖ్య అతిథి తాలూకు మనిషితో చెబుతున్నారు.

అప్పుడు వచ్చాడు నూట ఇరవై ఎనిమిది. అరవై ఆరేళ్ళ మనిషి. పంచె ఎగ్గట్టి, చెప్పుల్లేకుండా, బనియనుకి నంబరు గుడ్డ పిన్నీసులతో పెట్టుకుని, చేలో నీళ్ళు కట్టడానికి పోతున్నంత తీరిగ్గా పరిగెత్తుకుని వచ్చి ఆగాడు. ఈశ్వరి నంబరు కొట్టింది. 'ఈ నంబరుతో ఎవరూ లేరు' అని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేరు.

ఆ సందేశం తెలుగులో రాసిపెట్టింది ఆమే, ఊళ్ళవాళ్ళకి అర్థం కావాలని. ముసలాయన వంగి చూసి, కూడబలుక్కుని చదివాడు.

"నాను లేనంటాదేటమ్మా? మరి ఇంతసేపూ పరిగెత్తినోడెవడు?"

పేరడిగింది. గంటా అప్పలనరసింహం అన్నాడు. జాబితా తెరిచి చూస్తే నిక్షేపంలా ఉంది, నూట ఇరవై ఎనిమిదికి ఎదురుగా. కొడితే మాత్రం లేడు. ఇంతలో నూట నలభై రెండు వచ్చింది, అదీ లేదు. నూట ముప్ఫై ఐదు లేదు. నూట అరవై లేదు. డెబ్బై మూడు ఉంది. నూట యాభై ఒకటి లేదు. బల్లకి కుడిపక్కన ఉన్నవాళ్ళు వెళ్ళి ఇడ్లీలు తింటున్నారు. ఎడంపక్కన లేనివాళ్ళ గుంపు పెరుగుతోంది. నువ్వూ లేవా, నేనూ లేను, మా బావ కూడా లేడు అని వాళ్ళలో వాళ్ళు పరిచయాలు చేసుకుంటున్నారు. ఒక కుర్రాడైతే, తను లేడు కాబట్టి రేపు పరీక్షకి రానక్కర్లేదేమోనని మోహనకృష్ణ గారినే అడిగాడు.

ఆయన మొహం మాడింది. ఎనిమిది కొట్టే మీట పాడై ఉంటుందన్నారు. కీబోర్డు మార్చారు. రెండోది తెప్పించారు. మూడోది తన గదిలోది, ఎవర్నీ ముట్టుకోనివ్వనిది, ఆయనే స్వయంగా మోసుకొచ్చారు. డెబ్బై ఎనిమిదిలో ఎనిమిది బాగానే పడుతోందని ఈశ్వరికి కనబడుతూనే ఉంది. ఆయన ఆవేశం చూసి ఊరుకుంది. తొమ్మిదింటికి బహుమతులు. అప్పటికి ఎనిమిదిన్నర.

మురళి పనిగట్టుకుని ఆ చోట ఆపి అడిగాడు, అప్పుడు అప్ప మనసులో ఏముందని.

"ఏటుంటాది. తాళాలగుత్తి కనబడ్డాది."

అయినా చేతులు ముడుచుకోలేదు. పదకొండేళ్ళ అలవాటు ప్రకారం ల్యాబు రిజిస్టరు పక్కనే పెట్టుకుంది. లేనివాళ్ళంతా ఎవరు ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు గీత దాటారో పెన్సిలుతో రాస్తూనే ఉంది. చెయ్యి రాస్తోంది, బుర్ర తిరుగుతోంది, పక్కన అప్పలనరసింహం మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన బల్ల వదల్లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా ఊళ్ళో లేదన్నాడు. తన పేరున్నవాళ్ళు తన గోడకి అటూ ఇటూనే ముగ్గురున్నారట. ఇంటిపేరూ అదేనట. ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటేనట. కాబట్టి ఈ పెట్టె లేడంటున్నది ఆ ముగ్గురిలో ఎవరినో ముందు తేల్చమన్నాడు.

ఎవరో ఆయనకి క్యాంటీను గ్లాసులో మజ్జిగ తెచ్చిచ్చారు. తాగేశాడు. తాగాక, పల్లెటూళ్ళో విందుకి వెళ్ళిన ఎవరైనా చేసే పనే చేశాడు. గ్లాసు తిరగేసి పేరు చూశాడు. బల్ల మీదున్న ఇంకో గ్లాసు తీసుకుని దాన్నీ తిరగేశాడు.

"రెంటి మీదా ఒక్క పేరే ఉన్నాది. ఇలాగే మావోళ్ళు గిన్నెలన్నీ కలిపీసినారమ్మా. పేరు సూసుకుంటే సాలదు, సొట్టలూ సూసుకోవాలి."

ఈశ్వరి పెన్సిలు ఆగిపోయింది.

"అప్పుడు ఎవరు గుర్తొచ్చినారో సెప్పుకో," అంది అటకలోంచి.

మురళి చెప్పక్కర్లేదు. ఈశ్వరి అమ్మ పేరు జగదీశ్వరి. మురళి అమ్మ పేరూ జగదీశ్వరే. అన్నదమ్ములు ఇద్దరికీ జగదీశ్వరులే దొరికారు. తోటికోడళ్ళు ఇద్దరూ ఒకే సంతలో, ఒకే కొట్లో, ఒకే సైజు పెద్ద గిన్నెలు కొనుక్కుని, ఒకే మనిషి చేత 'జగదీశ్వరి' అని చెక్కించుకున్నారు. ఒకసారి వీధిలో అన్నప్రాశనకి రెండిళ్ళ గిన్నెలూ వెళ్ళాయి. తిరిగి వచ్చినప్పుడు మురళి అమ్మ పేరు చూసుకుని, మనదేనంటూ బోర్లించుకుంది. ఈశ్వరి అమ్మ మాత్రం బొటనవేలితో గిన్నె చుట్టూ మూడుసార్లు తడిమింది. ఆ తడమడం ఈశ్వరికి నిన్నటిలా గుర్తుంది. తడిమి అంది: "పేరు నాదే. గిన్నె నాది కాదు."

ఆవిడ గిన్నెకి సొట్ట ఉంది. ఈ గిన్నెకి లేదు.

"అదేరా నాను సేసిన తప్పు," అంది ఈశ్వరి. "జావాలో రెండు సమానం గుర్తులు ఎడితే మా అమ్మ అడిగినట్టు అడగడం. ఈ గిన్నే ఆ గిన్నేనా, సొట్టతో సహా, అని. నాకు కావలిసింది మీ అమ్మ అడిగినట్టు అడగడం. దీనిమీద పేరూ దానిమీద పేరూ ఒకటేనా, అంతే. దానికి ఈక్వల్స్ అని వేరే మాటున్నాది. నాను పేరు సూడమనాలి, నాను సొట్ట ఎతకమన్నాను."

మురళి చేతిలోని బిందెని అటూ ఇటూ తిప్పి సొట్ట కోసం చూశాడు. ఆమె ఇంకాస్త విప్పి చెప్పింది. అంకెని ఉత్తినే ఉంచితే ఏ గొడవా లేదు. జాబితాలో పెట్టాలంటే మాత్రం దాన్ని ఒక గిన్నెలో పెట్టాలి. జాబితాలో ఉన్న నూట ఇరవై ఎనిమిది ఒక గిన్నెలో ఉంది. గీత దగ్గర తను కొట్టిన నూట ఇరవై ఎనిమిది ఇంకో గిన్నెలో ఉంది. రెండింటి మీదా అదే అంకె. కానీ రెండు గిన్నెలు. ఒకటేనా అని అడిగితే, కాదని నిజమే చెప్పింది పాపం.

ఆ రోజు బల్ల దగ్గర నమ్మకం కోసం ఒక చిన్న పరీక్ష రాసి చూసిందట. రెండు గిన్నెల్లో నూట ఇరవై ఏడు పెట్టి, రెండూ ఒకటేనా అంటే అవునంది. నూట ఇరవై ఎనిమిది పెట్టి అడిగితే కాదంది. నూట ఇరవై ఎనిమిది నూట ఇరవై ఎనిమిది కాదని తెర మీద అంత పెద్ద అక్షరాలతో కనబడేసరికి ఆపుకోలేక నవ్వేసింది. పిల్లలు చూసిన నవ్వు అదే. మోహనకృష్ణ గారు భయపడి, మంచినీళ్ళు తెమ్మన్నారు. నీళ్ళు వచ్చేలోపల ఆమె రెండు సమానం గుర్తులూ చెరిపి, ఈక్వల్స్ పెట్టి, రిజిస్టరు ముందు పెట్టుకుని వరసగా కొట్టడం మొదలుపెట్టింది.

లేనివాళ్ళందరూ ఒక్కొక్కరూ ఉన్నవాళ్ళయ్యారు. పేరు వచ్చినప్పుడల్లా గుంపులోంచి ఒక కేక. ఉన్నానని తేలినవాడు ఇంకా తేలనివాడి భుజం తట్టి ఇడ్లీలకి పరిగెత్తాడు. పెన్సిలు టైములు ఉండబట్టి ఒక్క సెకను కూడా తేడా రాలేదు. అరవై దాటినవాళ్ళలో గంటా అప్పలనరసింహం మొదటివాడు. ఆయన తెర మీద తన పేరు చదువుకుని, సంతోషించకుండా అనుమానంగా చూశాడు.

"పేరు ఒకటేనని ఆ ముగ్గురిలో ఇంకోడు పట్టుకుపోతే? ఇది నానేనని సొట్టేది?"

ఈశ్వరి ఆయన బనియను మీది నంబరు గుడ్డ చూపించింది. అది పందెంలో ఒక్కరికే ఇచ్చేది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకునే వేదిక ఎక్కాడు, విప్పమన్నా విప్పలేదు. వెళ్తూ వెళ్తూ మజ్జిగ గ్లాసు కూడా పంచెలో పెట్టుకుపోయాడని క్యాంటీనువాళ్ళ అనుమానం.

బహుమతులు తొమ్మిదికి కాక తొమ్మిదీ పదికి మొదలయ్యాయి. జనం పలచబడ్డాక మోహనకృష్ణ గారు తన కీబోర్డు చంకలో పెట్టుకుని వచ్చి ఒకటే అడిగారు: మరి నూట ఇరవై ఏడు దాకా ఎందుకు పనిచేసింది? ఆమెకి తెలీదు. తెలీదనే చెప్పింది. సోమవారం చెబుతానంది. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. తరగతి మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఇంటికొచ్చి, అన్నం కుక్కరులో పెట్టి, జావా చేసినవాళ్ళు రాసిన కాగితాలు ఫోనులో తెరిచింది. అర్థంకాని ప్రతి మాటకీ నిఘంటువు చూసుకుంటూ చదివింది. ధర్మేంద్ర వచ్చి విజిల్స్ ఎన్నయ్యాయని అడిగితే నూట ఇరవై ఏడు అంది. సాయంత్రానికి దొరికింది.

"సిన్న అంకెలు అందరికీ రోజూ కావాలి కదరా. అందుకని వాటికి ముందే గిన్నెలు సేసి, ఇదిగో ఇలగ అటక మీద ఎట్టీసుకున్నాది. యాభై కావాలని నువ్వడిగినా, నానడిగినా, అటక మీదున్న ఆ ఒక్క గిన్నే తీసిస్తాది. అందుకే ఒకటేనా అంటే అవునన్నాది. ఒకటే కదా మరి. ఆ అటక నూట ఇరవై ఏడుతో నిండిపోనాది. ఆ పైన ఎవరడిగినా అప్పటికప్పుడు కొత్త గిన్నె."

మురళికి ఒళ్ళంతా తేలికైపోయింది. వారం రోజుల ఆకలి ఒక్కసారి వేసింది. అయితే ఆ ముప్ఫై మంది పిల్లలూ అటక మీది వాళ్ళేనన్నమాట అన్నాడు. అవునంది. నూట ఇరవై ఏడు మంది వచ్చి ఆగిపోయుంటే ఈ జన్మకి తప్పు బయటపడేది కాదన్నమాట అన్నాడు. అదీ అవునంది. అందుకే ఇప్పుడు ఏది రాసినా ముందు పరీక్షలు రాస్తోందట. అంచుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి, ఆఖరిది ఒకటి. అంకె ఒకటేనా అని ఒక ప్రశ్న, గిన్నె ఒకటేనా అని ఒక ప్రశ్న, రెండూ విడివిడిగా.

సోమవారం ఇదంతా మోహనకృష్ణ గారికి గిన్నెలూ అటకా సొట్టా అంటూనే చెప్పింది. ఇంకో రకంగా చెప్పడం రాదు. ఆయన విన్నారు. రెండు చోట్ల ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు. చివర్న సొరుగు తెరిచారట.

"తెరిసి?"

ఈశ్వరి అటకలోంచి తల బయటికి తీసింది. జుట్టు నిండా బూజు, ముక్కు మీద మసి. గడ్డంతో ఫ్రిజ్జు వైపు చూపించింది. దాని మీద పాత పేపరుతో అట్టవేసిన పొడుగాటి పుస్తకం ఉంది. మురళి వెళ్ళి తెరిచాడు. మొదటి ఏడాది, బి సెక్షను, అరవై పేర్లు. హాజరు పట్టీ. ల్యాబు రిజిస్టరు కాదు. పైన, బోధించువారు అన్నచోట, ఈశ్వరి అని రాసి ఉంది. సిరాతో.

"రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి," అంది ఆమె. వెంటనే అటకలోకి చెయ్యి పెట్టి ఆఖరి గిన్నె లాగింది. "ఇది సదువు."

జగదీశ్వరి అని ఉంది. మురళి బొటనవేలు చదవకుండానే సొట్ట దగ్గరికి వెళ్ళింది. ఏడేళ్ళప్పుడు ఆ గిన్నెలో కూర్చుని మేడమెట్ల మీంచి కిందకి జారాడు. ఆ సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామా అని నోరు తెరిచాడు.

"తెలుసు," అంది ఈశ్వరి. "మెట్ల కింద నానే ఉన్నాను. నువ్వు నా కాళ్ళ మీదకొచ్చి పడ్డావు."

అతను గిన్నెని సొట్ట కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టాడు. ఆమె స్టూలు దిగి, గోడవార పేర్చిన గోపురం వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఇన్ని గిన్నెలున్నాయి, ఆమె వెతుకుతున్న ఒకే పేరున్న జత మాత్రం ఒక్కటీ దొరకలేదు. క్యాంటీనువాళ్ళు ఇంక గ్లాసులు ఇచ్చేది లేదన్నారు. పిల్లలకి చేతిలో పెట్టి చూపించకుండా ఈ పాఠం ఎలా చెబుతుంది?

"బేగి ఎల్లరా. మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టు ఇంకా తీసే ఉంటాడు. ఒక్క కంపెనీవి, ఒక్క సైజువి రెండు గ్లాసులు తీసుకో. అక్కడే రెంటి మీదా పేరు సెక్కించు."

"ఎవరి పేరు? నీదేనా?"

"నా పేరెందుకు. నూట ఇరవై ఎనిమిది అని సెక్కించు. ఇదేం పేరని ఆడు అడుగుతాడు, మా అప్ప పిచ్చిదని సెప్పీ. రెండూ అచ్చం ఒక్కలాగే ఉండాలి. దార్లో దేనికీ సొట్ట ఎట్టకు, నీ సంగతి నాకు తెలుసు. ఆ పని రేపు పిల్లల ముందు నానే సేసుకుంటాను."